రోజూ తిరిగే బండి మార్చేటప్పుడు టెస్ట్ రైడ్‌ను ఎంతవరకు నమ్మాలి?

ఏళ్ల తరబడి నడిపిన వందసీసీ బండి స్థానంలో ఏం కొనాలని అడిగితే ఇప్పుడు కనీసం నాలుగు జవాబులు వస్తాయి. మళ్లీ అలాంటి వందసీసీయే తీసుకోమంటారు కొందరు. ఇన్నాళ్లకైనా 350 సీసీకి మారమంటారు మరికొందరు. ఇంట్లో అందరూ నడిపేలా గేర్లు లేని స్కూటర్ చాలన్నది ఒక మాట, పెట్రోలు జోలికే పోవద్దు, కరెంటు బండి కొనమన్నది ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అంతకు మించినవాటి మీద 40 శాతానికి పెరిగింది. తెలంగాణ 2024 నవంబరులో తెచ్చిన విధానం కింద ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు ఆఖరు వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. దాంతో ఈ నాలుగు రకాల మధ్య ధరల తేడాలూ మారిపోయాయి, పాత సలహాలు పాతబడ్డాయి. ఎవరు ఏ పక్షాన మాట్లాడినా చివరికి మాత్రం అందరూ ఒకే మాట దగ్గరికి వస్తారు: షోరూముకు వెళ్లి ఒకసారి నడిపి చూడండి.

ఆ సలహా మంచిదే కానీ అసంపూర్ణం. షోరూము ఇచ్చే చిన్న టెస్ట్ రైడ్ ఒక బండిని వద్దనుకోవడానికి గట్టి ఆధారం. అదే బండిని కొనడానికి మాత్రం అది చాలా బలహీనమైన ఆధారం. నడిపి చూసి ఇది మనకు కుదరదనిపిస్తే ఆ తీర్పును చాలావరకు నమ్మవచ్చు. ఇదే కావాలి అనిపిస్తే, కొనేముందు ఇంకొంత పని మిగిలి ఉందని అర్థం. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లే చర్చ ఇంతగా చిక్కుపడిందని నా అభిప్రాయం.

నడపకుండానే కొన్న కాలం

మన దగ్గర టెస్ట్ రైడ్‌కు పెద్ద చరిత్ర లేదు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్లపాటు ఎదురుచూసిన కాలంలో నడిపి చూడటమన్న ఆలోచనకే తావు లేదు. వంతు వచ్చినప్పుడు దొరికిన బండిని ఇంటికి తెచ్చుకునేవారు. 1984, 85లలో జపాన్ కంపెనీల పొత్తుతో ఇండ్-సుజుకి ఏఎక్స్100, హీరో హోండా సీడీ100, యమహా ఆర్‌ఎక్స్100 రావడంతో కొనేవారికి నిజంగా ఎంచుకునే అవకాశం దొరికింది. ఆర్‌ఎక్స్100, సీడీ100 రెండూ వందసీసీ బండ్లే. మొదటిది టూ-స్ట్రోక్, రెండోది ఫోర్-స్ట్రోక్. ఒకదానికి పికప్‌తో పేరు వచ్చింది, ఇంకోదానికి మైలేజీతో. ఈనాటి చర్చలో కనిపించే రెండు పెద్ద పక్షాలకూ బీజం అక్కడే పడింది. ఆర్‌ఎక్స్100 తయారీ 1996లో ఆగిపోయింది. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. రోజువారీ వాడకం విషయంలో మన జనం ఏ పక్షాన నిలిచారో దీన్నిబట్టే తెలుస్తుంది.

అప్పట్లో కూడా జనం గుడ్డిగా కొనలేదు. షోరూములో నడిపి చూసే అవకాశం లేకపోయినా తోడల్లుడి బండి ఉండేది, ఆఫీసులో పక్క సీటాయన బండి ఉండేది. దాని మీద వెనక కూర్చుని తిరిగేవారు, అవసరానికి అడిగి తీసుకునేవారు, ఎన్నిసార్లు షెడ్డుకు వెళ్లిందో కళ్లారా చూసేవారు. సమాచారం ఆలస్యంగా వచ్చినా ఏళ్ల వాడకం నుంచి వచ్చేది. 2001లో పల్సర్, యాక్టివా రంగంలోకి దిగాక మోడళ్లు వేగంగా మారసాగాయి. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని బండిని కొనాల్సిన పరిస్థితి వచ్చింది. 1990ల చివర ఓవర్‌డ్రైవ్, ఆటోకార్ ఇండియా వంటి పత్రికలు మొదలై, బండిని నడిపి, కొలిచి, రాసే పద్ధతిని పాఠకులకు అలవాటు చేశాయి. షోరూముల్లో డెమో బండి ఉండటం మామూలైపోయింది. దీనికి చట్టంలోనూ చోటుంది. డీలర్ దగ్గర ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్న బండిని కొనదలచినవారు సహేతుకమైన మేరకు నడిపి చూడవచ్చని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. ఆ సహేతుకం ఎంత దూరమన్నది మాత్రం చట్టం కాక షోరూము ఎదుటి రోడ్డే నిర్ణయిస్తోంది.

కాగితం లెక్క, ఒంటికి తెలిసే లెక్క

మొదటి పక్షం లెక్కల పక్షం. రోజువారీ బండికి మైలేజీ, ధర, ఊళ్లో సర్వీసు, విడిభాగాలు, తిరిగి అమ్మితే వచ్చే సొమ్ము ముఖ్యమని, వీటిలో ఒక్కటి కూడా టెస్ట్ రైడ్‌లో తెలియదని ఈ పక్షం వాదన. ఇందులో చాలా నిజముంది. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగేవారికి 9,000 కిలోమీటర్లు అవుతాయి. లీటరుకు 60 ఇచ్చే బండికి 150 లీటర్లు కావాలి, 35 ఇచ్చే బండికి దాదాపు 257 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున లెక్కిస్తే ఏడాదికి పదకొండు వేలు దాటిన తేడా వస్తుంది. ఎనిమిదేళ్లు ఉంచుకునే బండి మీద ఇది చిన్న మొత్తం కాదు. షోరూము చుట్టూ తిరిగిన ఆనందంలో ఈ అంకె గుర్తుకు రాదు.

అయితే కాగితం మీది అంకెలకూ హద్దులున్నాయి. కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీత వేగాల్లో నడిపి కొలిచింది. అక్కడ ఎదురుగాలి ఉండదు, వెనక సీటులో మనిషి ఉండరు, అమీర్‌పేట సిగ్నలూ ఉండదు. అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకొకటి: కొలతల పట్టికలోని అంకె శరీరానికి ఎలా తగులుతుందో పట్టిక చెప్పలేదు. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 805. తేడా రెండు సెంటీమీటర్లే. కానీ సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విడివడి కాలు అంతమేరకు పైకి లేస్తుంది, మడమ నేలకు ఆనదు. బరువు సంగతీ ఇంతే. ఒకటి 112 కిలోలు, రెండోది 195. కదులుతున్నప్పుడు ఆ 83 కిలోల తేడా దాదాపు మాయమవుతుంది, పైగా బండి కుదురుగా పోతుంది. అపార్టుమెంటు సెల్లారులో గోడవైపు వాలు ఉన్న చోట, రెండు స్కూటర్ల మధ్య నుంచి బండిని కాళ్లతో వెనక్కి తోసుకుంటూ బయటికి తీయాల్సి వచ్చినప్పుడు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. రోజూ ఉదయం మొదట చేసే పని అదే.

అందుకే రెండో పక్షం నడిపితేనే తెలుస్తుందంటుంది. పత్రికల రోడ్ టెస్టులు ఎన్ని చదివినా, రాసినవారి ఎత్తు వేరు, బరువు వేరు, వెళ్లే దారి వేరు. ఐదడుగుల మనిషికి, ఆరడుగుల మనిషికి ఒకే బండి రెండు బండ్లు. ఈ మాట కాదనలేనిది. చిక్కంతా ఈ పక్షం షోరూము చక్కరుకే ఆ అధికారమంతా కట్టబెట్టడంలో ఉంది.

మూడో వాదం: కొన్నాళ్లు దగ్గరుంచుకోవాలి

పై రెండింటికీ అతీతంగా, బండితో కొద్దిరోజులైనా గడపాలనే వాదం ఈమధ్య బలపడింది. దీనికి దారి చూపినవి అద్దె బండ్లు. 1997 నాటి కేంద్ర పథకం కింద లైసెన్సు పొందిన సంస్థలు మోటారు సైకిళ్లు అద్దెకు ఇవ్వవచ్చు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో హైదరాబాద్, విశాఖ వీధుల్లో తిరిగేవి అవే. కొనదలచిన మోడల్‌ను ఒక పనిదినం అద్దెకు తీసుకుని ఇంటి నుంచి ఆఫీసుకు, తిరుగుదారిలో కూరగాయల మార్కెట్‌కు వెళ్లివస్తే షోరూము చూపించని చాలా విషయాలు బయటపడతాయి. లక్ష రూపాయలు దాటే కొనుగోలు ముందు ఒకరోజు అద్దె పెద్ద ఖర్చేమీ కాదు. లోపం ఏమిటంటే, అద్దెకు దొరికేవి కొన్ని మోడళ్లే. చిన్న పట్టణాల్లో ఆ వసతి ఉండకపోవచ్చు. పదిమంది చేతుల్లో నలిగిన బండి కాబట్టి దాని క్లచ్, సస్పెన్షన్ మీద తీర్పు చెప్పడమూ కష్టమే. అయినా సీటు, చేతుల చాపు, ఇంజిను వేడి, ట్రాఫిక్‌లో ఒదుగుబాటు వంటివి ఎంత నలిగిన బండి మీదైనా తెలుస్తాయి. పాతకాలపు తోడల్లుడి బండి చేసిన పని ఇప్పుడు అద్దె బండి చేస్తోందన్నమాట.

పోలిక దేనితో?

ఈ మూడు పక్షాలూ తగినంతగా పట్టించుకోని అంశం ఒకటుంది. మనం అడుగుతున్నది కొత్త బండి బాగుందా అని కాదు, ఇప్పుడున్న బండి రోజూ చేస్తున్న పనిని ఇది చేయగలదా అని. అంటే పోలిక పాత బండితో జరగాలి. ఆ పాత బండి ఏ స్థితిలో ఉంది? చైను సాగి, స్ప్రాకెట్ పళ్లు అరిగి, ముందు ఫోర్కులో ఆయిలు పలచబడి, క్లచ్ కేబుల్ బిగుసుకుని, టైర్లు నున్నబడిన బండి మీద షోరూముకు వెళ్లినవారికి అక్కడున్న ఏ బండైనా హాయిగా అనిపిస్తుంది. ఆ హాయిలో ఎంత భాగం కొత్త మోడల్‌ది, ఎంత భాగం కేవలం కొత్తదనానిది? దీన్ని విడదీయకపోతే టెస్ట్ రైడ్ తీర్పుకు విలువ లేదు.

విడదీసే మార్గం సులువే. ముందు పాత బండికి పూర్తి సర్వీసు చేయించాలి. చైను సెట్టు, టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్లు, ఫోర్కు ఆయిలు మార్చినా కొత్త బండి ధరతో పోలిస్తే ఖర్చు స్వల్పం. తర్వాత దాని మీదే షోరూముకు వెళ్లి, డెమో బండిని ఏ దారిలో తిప్పారో అదే దారిలో వెంటనే పాత బండినీ తిప్పాలి. అదే గుంత, అదే స్పీడ్ బ్రేకరు, అదే మలుపు. ఒకదాని వెంట ఒకటిగా నడిపినప్పుడు తేడాలు స్పష్టంగా తెలుస్తాయి. సర్వీసు చేయించిన వారంలోనే కొందరికి మార్చాల్సిన అవసరమే లేదని తేలవచ్చు. అమ్మేవారికి అది రుచించకపోవచ్చు గానీ, కొనేవారి డబ్బుకు అంతకంటే మేలైన ఫలితం లేదు.

మరి ఆ కాసేపట్లో నమ్మదగ్గ విధంగా తేలేవి ఏవి? నడక వేగంలో మొదటి గేరులో బండి కుదుపు లేకుండా పోతుందా, ఇంటి సందు వెడల్పులో కాలు దించకుండా యూటర్న్ తిరుగుతుందా, సెంటర్ స్టాండు ఎక్కించగలమా, గంటకు 50-60 వేగంలో అద్దంలో వెనక బండి నంబరు కనిపిస్తుందా లేక వణుకుకు చెదిరిపోతుందా. వీటికి జవాబు అప్పటికప్పుడే వస్తుంది. రోజూ వెనక కూర్చునే మనిషి ఆ రోజూ వెనక కూర్చోవాలి. దంపతులు తిరిగే బండి అయితే ఇది తప్పనిసరి. వెనక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పి బట్టలు చిక్కుకోకుండా కాపాడే కవచం, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టే చోటు ఉండాలని నియమాలు చెబుతున్నాయి. చీర గార్డు అని మనం పిలిచేది అదే. అది ఉండటం వేరు, చీర కట్టుకుని ఒకపక్కకు కూర్చున్నప్పుడు పాదం పూర్తిగా దాని మీద ఆనడం వేరు. స్పోర్ట్స్ రకం బండ్లలో వెనక సీటు ఎత్తుగా, ఇరుకుగా ఉండటం వల్ల మోకాలు పైకి లేచి, బ్రేకు వేసినప్పుడల్లా మనిషి ముందుకు జారుతుంది. ముందు కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు. ఇంటి బండి మీద తీర్పు చెప్పేటప్పుడు సగం ఓటు వెనక సీటుది కావాలి.

అలవాటైపోదా?

దీనికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం: మొదట ఇబ్బంది పెట్టినవన్నీ నెల తిరిగేసరికి అలవాటైపోతాయి, కాబట్టి టెస్ట్ రైడ్‌లో కలిగిన విముఖతను కూడా నమ్మకూడదు. ఇందులో సగం నిజముంది. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకే తొక్కాలి, చాలా బండ్లలో మొదటిది కిందికి, మిగతావి పైకి. ఈ తేడా వారంలో కాలికి పట్టుబడుతుంది. కరెంటు స్కూటర్‌లో యాక్సిలరేటర్ వదలగానే బండి తనంతట తాను నెమ్మదించడం, ఇంజిను చప్పుడు లేకపోవడం మొదటిరోజు వింతగా ఉండి తర్వాత సహజమైపోతాయి. ఇలాంటి వాటిని బట్టి బండిని తిరస్కరించడం తొందరపాటే.

కానీ అలవాటు కాని ఇబ్బందులూ ఉన్నాయి. శరీర కొలతలకు సంబంధించినవి, వేడికి సంబంధించినవి ఈ కోవలోవి. హ్యాండిల్ అందక మణికట్టు మీద బరువు పడితే అది రోజురోజుకూ పెరిగే నొప్పి. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు పెద్ద ఇంజిను నుంచి పిక్కకు తగిలే వేడి మూడో ఏడాది కూడా తగులుతుంది. క్లచ్ బరువైతే సిగ్నళ్ల మధ్య ఎడమచేతి వేళ్లు పీకుతాయి. కాబట్టి, నేర్చుకోవాల్సింది మెదడైతే ఇబ్బంది తగ్గుతుంది, భరించాల్సింది కీళ్లో చర్మమో అయితే తగ్గదు. టెస్ట్ రైడ్‌లో కలిగిన ప్రతి అసౌకర్యాన్నీ ఈ రెండింటిలో ఏదో ఒక వైపు పెట్టి చూసుకుంటే అభ్యంతరానికి సమాధానం దొరుకుతుంది.

మెదడు నేర్చుకునే విషయంలోనూ ఒక ప్రమాదకరమైన మినహాయింపు ఉంది. గేర్ల బండి మీద ఏళ్ల తరబడి తిరిగిన మనిషి గేర్లు లేని స్కూటర్‌కు మారితే, ఎడమచేతి లీవరు ఇప్పుడు క్లచ్ కాదు, బ్రేకు. మామూలుగా వెళ్లేటప్పుడు ఆ సంగతి గుర్తుంటుంది. అడ్డంగా కుక్క దూకినప్పుడు చేతులు పాత పద్ధతిలో కదులుతాయి. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. వాటి నుంచి మారినవారికీ, వాటికి మారినవారికీ ఇదే ఇబ్బంది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారే. ఆపద క్షణాన్ని ఏ టెస్ట్ రైడ్ కూడా పరీక్షించలేదు. రకం మార్చుకున్నవారు మొదటి కొన్ని వారాలు ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేయడాన్ని విడిగా సాధన చేయాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, ఆ లోపువాటికి అప్పట్లో రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు చాలన్నారు. చిన్న బండి నుంచి పెద్దదానికో, పెద్దదాని నుంచి చిన్నదానికో మారేవారికి ఈ తేడా కూడా చేతికి కొత్తే.

రెండో అభ్యంతరం వేరే రకానిది: బండి అంటే లెక్కలేనా, ఇష్టానికి చోటు లేదా? ఉంది, ఉండాలి. రోజుకు గంటన్నర బండి మీద గడిపే మనిషికి ఆ గంటన్నర బాగుండాలనుకోవడం విలాసం కాదు. 2020 తర్వాత వచ్చిన 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిన్లలో బ్యాలెన్సర్ షాఫ్టు చేరి పాత వణుకు బాగా తగ్గడంతో ఆ బండ్లను రోజువారీకి వాడాలనుకోవడంలో పొరపాటేమీ లేదు. ఇష్టపడ్డ బండిని జనం శుభ్రంగా చూసుకుంటారు కూడా. నా వాదనల్లా ఆ ఇష్టం ఆదివారం ఉదయపు ఖాళీ రోడ్డు మీద పుట్టిందా, సోమవారం తొమ్మిదిన్నర ట్రాఫిక్‌లోనూ నిలిచిందా అన్నది చూడమనే. అడిగితే చాలా షోరూములు సాయంత్రం రద్దీ వేళ కూడా బండి ఇస్తాయి. ఆ వేళకే వెళ్లడం మేలు.

నాలుగు రకాలు పక్కపక్కన

ఈ దృష్టితో చూస్తే టెస్ట్ రైడ్ విలువ అన్ని రకాలకూ ఒకేలా ఉండదు. వందసీసీ నుంచి వందసీసీకి మారేవారికి అది దాదాపు లాంఛనం. బరువు, కూర్చునే తీరు, మైలేజీ ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఊళ్లో సర్వీసు, ధర నిర్ణయిస్తాయి. వందసీసీ నుంచి 350కి మారేవారికి అది చాలా ముఖ్యం, అయితే నడిపేటప్పటికంటే నెట్టేటప్పుడు, తిప్పేటప్పుడు, ఆపేటప్పుడు ఎక్కువ గమనించాలి. స్కూటర్‌కు మారేవారు చిన్న చక్రాలు గుంతల్లో ఎలా పడుతున్నాయో చూడాలి. పాతిక కిలోల బియ్యం బస్తా ముందు పెట్టుకుంటే కాళ్లకు చోటు మిగులుతుందో లేదో చూడాలి. కరెంటు స్కూటర్ విషయంలో టెస్ట్ రైడ్ అత్యంత ఆకర్షణీయం, అత్యంత అసంపూర్ణం. పికప్, నిశ్శబ్దం, చాలా మోడళ్లలో ఉండే వెనక్కి నడిచే మోడ్ వెంటనే మెప్పిస్తాయి. మూడు కిలోమీటర్లలో బ్యాటరీ శాతం ఎంత తగ్గిందో చూసి రేంజి లెక్కగడితే మాత్రం తప్పుతుంది. రేంజి తెలియాలంటే మన వేగంతో, మన బరువుతో, మన ఫ్లైఓవర్ల మీద కనీసం ఒక పూట తిరగాలి. ఇంటి కింద పార్కింగులో ప్లగ్గు పెట్టుకోవడానికి అపార్టుమెంటు సంఘం ఒప్పుకుంటుందా అన్నది బండి ఎక్కకముందే తేలాల్సిన విషయం.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఏ పక్షం దగ్గరా పూర్తి జవాబు లేదు. వాటిలో పెద్దది బ్యాటరీ వయసు. 2022 వేసవిలో కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకున్న తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు. భద్రత సంగతి అలా ఉంచితే, మన ఎండల్లో ఎనిమిదేళ్లు తిరిగిన బ్యాటరీ ఎంత శక్తి నిలుపుకుంటుందో, అప్పుడు ఆ బండికి సెకండ్ హ్యాండు ధర ఎంత పలుకుతుందో చెప్పేటంత పాత బండ్లు ఇంకా రోడ్ల మీద తక్కువ. 1990ల స్ప్లెండర్ గురించి ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకుని చెప్పగలిగేది వీటి గురించి ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. సబ్సిడీలు కూడా నిలకడగా లేవు. కేంద్రం కిలోవాట్ అవరుకు 15,000 రూపాయలుగా ఇచ్చిన సాయాన్ని 2023 జూన్‌లో 10,000కు, ఆ తర్వాతి పథకాల్లో 5,000కు తగ్గించింది. కాబట్టి ఈ ఏడాది వేసుకున్న లెక్క వచ్చే ఏడాదికి పనికొస్తుందన్న హామీ లేదు.

రెండోది, ఒకే బండిని ఇంట్లో ముగ్గురు నడిపే పరిస్థితి. టెస్ట్ రైడ్ పద్ధతి అంతా నడిపేవారు ఒక్కరే అన్న ఊహ మీద ఆధారపడి ఉంది. తండ్రి ఆఫీసుకు, కూతురు కాలేజీకి, తల్లి బజారుకు ఒకే బండి మీద వెళ్లే ఇళ్లలో ఎవరి ఎత్తును కొలమానంగా తీసుకోవాలి? గేర్లు లేని స్కూటర్లకు ఇంత గిరాకీ రావడానికి ఇదొక కారణం. ముగ్గురి చేతా నడిపించి చూసేంత ఓపిక షోరూములకు ఉండాలి, అడిగేంత చొరవ కొనేవారికీ ఉండాలి. లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరూ అలా అడగవచ్చు.

మూడోది షోరూముల పద్ధతికి సంబంధించినది. డెమో బండి టైర్లలో గాలి సరిగ్గా ఉందా, క్లచ్ సర్దుబాటు చేశారా, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది అడిగి తెలుసుకునే ఆనవాయితీ మన దగ్గర లేదు. నిర్ణీత దూరమో సమయమో కూడా లేదు. ఒకచోట సర్వీసు రోడ్డు మీద కిలోమీటరు, ఇంకోచోట ఇంటికే బండి పంపి గంటసేపు వదిలేయడం. కరెంటు బండ్ల కంపెనీలు ఇంటికి పంపే పద్ధతిని పెంచుతున్నాయి, అది మంచి మార్పు. పెట్రోలు బండ్ల డీలర్లు కూడా ఆ దారి పట్టేదాకా, అద్దె బండి, బంధువుల బండి, సర్వీసు చేయించిన సొంత పాత బండి ఈ మూడింటినీ కొనేవారే సమకూర్చుకోవాలి.